నల్లరాళ్ల మీద కాపరుల రాత

“ఆదివాసులకు లిపి లేదు, కాబట్టి చరిత్ర లేదు” అనే మాట మనం తరతరాలుగా వింటూనే ఉన్నాం. రాత అంటే రాజులది, గుడులది, కచేరీలది అన్న నమ్మకం ఈ మాట వెనుక ఉంది. కోటలు, బడులు, స్థిరమైన ఊళ్లు కూడా లేని ఒక సంచార జనం ఈ నమ్మకానికి రెండు వేల ఏళ్ల కిందటే జవాబు చెప్పారు. ఈ ప్రత్యేక సంచిక ద్వారా వారిని మన పాఠకులకు పరిచయం చేస్తున్నాం.

సిరియా దక్షిణ ప్రాంతం నుంచి జోర్డాన్ ఈశాన్య భాగం మీదుగా సౌదీ అరేబియా ఉత్తర ప్రాంతం దాకా ఒక నల్లరాతి ఎడారి ఉంది. ఒకప్పుడు అగ్నిపర్వతాల నుంచి పారిన లావా గడ్డకట్టి ఏర్పడిన నేల అది. వానలు పడ్డాక కొద్దికాలం గడ్డి మొలుస్తుంది. ఒంటెలు, గొర్రెలు, మేకలు మేపుకుంటూ అక్కడ తిరిగిన జనం ఆ నల్లరాళ్ల మీద తమ మాటలు గీశారు. ఇవి ఎక్కువగా క్రీ.పూ. 1వ శతాబ్దం నుంచి క్రీ.శ. 4వ శతాబ్దం మధ్య రాసినవని పండితుల అంచనా. ఇప్పటికి 30 వేలకు పైగా రాతలు నమోదయ్యాయి. డమాస్కస్‌కు ఆగ్నేయంగా ఉన్న సఫా అనే ప్రాంతం పేరు మీద ఈ లిపిని సఫాయిటిక్ అంటారు. ఇందులో 28 అక్షరాలు ఉన్నాయి. భాష అరబిక్‌కు చాలా దగ్గరిది.

ఇంతకీ వాళ్లు ఏం రాశారు? ముందు తన పేరు, తర్వాత తండ్రి పేరు, తాత పేరు. కొందరైతే పది తరాలకు పైగా చెప్పుకుంటూ పోయారు. ఆ తర్వాత తన సంగతి: ఇక్కడ గొర్రెలు మేపాను, ఇక్కడ దిగాను, నా వాళ్ల కోసం ఎదురుచూశాను, చనిపోయిన అన్నను తలచుకుని ఏడ్చాను. అల్లాత్ దేవతను క్షేమం అడిగినవారు, ఈ రాతను చెరిపినవాడికి గుడ్డితనం రావాలని శపించినవారు కూడా ఉన్నారు. మన దగ్గర పెద్దలు “ఆ కరువు వచ్చిన ఏడు” అన్నట్టే, వాళ్లూ ఫలానా యుద్ధం జరిగిన ఏడని కాలం చెప్పుకున్నారు.

జోర్డాన్‌లో హానీ అనే మనిషి సమాధి మీద పేర్చిన రాళ్లగుట్టను పురావస్తు శాస్త్రవేత్త లాంకెస్టర్ హార్డింగ్ తవ్వి, 1953లో ఆ వివరాలు ప్రచురించారు. బంధువులు, స్నేహితులు హానీ కోసం దుఃఖించామని, గుట్టకు రాయి చేర్చామని అక్కడి రాళ్ల మీదే ఎవరికి వారు రాసుకున్నారు. ఏ రాజశాసనంలోనూ హానీ పేరు లేదు. అయినవాళ్లు రాశారు కాబట్టే ఈ రోజు ఆయన పేరు మనకు తెలుసు.

వీరికి అక్షరాలు ఎవరు నేర్పారు? కొన్ని రాళ్ల మీద అక్షరమాల మొత్తం గీసి ఉంది. అయితే ఒకచోట ఉన్న వరుస మరోచోట లేదు. పంతులు, బడి ఉంటే అందరిదీ ఒకే వరుస అయ్యేది. మంద కాస్తూ గడిపే పొద్దులో ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారని పండితుడు మైఖేల్ మెక్‌డొనాల్డ్ వివరించారు. రాతకు కుడి ఎడమల నియమం కూడా లేదు. రాయి ఎటు వాలు ఉంటే అటు రాసుకుంటూ పోయారు. సహారా ఎడారిలోని తువారెగ్ జనం కూడా తిఫినాగ్ లిపిని ఇలాగే బడి లేకుండా, ఇసుక మీద గీస్తూ నేర్చుకుంటూ వచ్చారు.

వాళ్లది ప్రధానంగా నోటి మాట మీద నడిచిన సమాజం. నోట ఉన్న వంశక్రమాన్నే రాతి మీదికి ఎక్కించారు. మన దగ్గర పర్ధాన్లు, తోటీలు కిక్రీ వాయిస్తూ గోండు వంశాల కథలు పాడతారు. ఆ పాట కూడా చరిత్రే. లిపి లేనంత మాత్రాన ఏ జాతీ తక్కువ కాదు, లిపి వచ్చినంత మాత్రాన జ్ఞాపకం చచ్చిపోదు.

అయితే మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆ కాపరుల వారసులు రాయడం మానేశాక, ఆ అక్షరాలను చదవగలిగినవారే లేకుండా పోయారు. 1901లో జర్మన్ పండితుడు ఎన్నో లిట్‌మన్ ఛేదించే దాకా అవి మూగగానే ఉన్నాయి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలోని రాతప్రతుల ద్వారా వెలుగులోకి వచ్చిన గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఇది సంతోషించవలసిన విషయమే. కానీ ఫోన్‌లో అక్షరం ఉన్నంత మాత్రాన లిపి బతకదు. పెళ్లి పిలుపులో, సంత లెక్కలో, పిల్లలు రాసుకునే పేర్లలో కనిపిస్తేనే బతుకుతుంది.

అందుకే మన పాఠకులకు ఒక విన్నపం. ఇంట్లో పెద్దలను కూర్చోబెట్టి, వారికి తెలిసినన్ని తరాల పేర్లు అడగండి. గోండి లిపిలోనో, తెలుగు లిపిలోనో, మీకు వచ్చిన లిపిలో రాసిపెట్టండి. ఆ కాపరులకు ఒక నల్లరాయి చాలింది. మనకు ఒక నోటు పుస్తకం చాలు.

జోహార్!