మైకోరెమిడియేషన్

గ్రీకులో 'మైకెస్' అంటే పుట్టగొడుగు, లాటిన్‌లో 'రెమెడియం' అంటే మందు. రెండు భాషల మాటలు కలిసి, శిలీంధ్రాలతో నేలకు చేసే వైద్యం అనే అర్థం వచ్చింది. అమెరికన్ పుట్టగొడుగుల నిపుణుడు పాల్ స్టామెట్స్ 2005లో తెచ్చిన పుస్తకంతో ఈ మాట జనంలోకి బాగా వెళ్లింది.

చమురు ఒలికిన నేలకు ఇది వైద్యమే. శిలీంధ్రం ఆ చమురును విడగొట్టి ఆహారం చేసుకుంటుంది. సీసం, కాడ్మియం అలా కాదు. అవి మూలకాలు, ఏ బూజూ వాటిని అరిగించుకోలేదు. శిలీంధ్రం వాటిని తనలోకి పీల్చుకుంటుంది, లేదంటే కరగని రూపంలోకి మార్చి కట్టిపడేస్తుంది. స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో చూపించింది ఈ రెండో పనినే: నేలలోని శిలీంధ్రాలు సీసాన్ని క్లోరోపైరోమార్ఫైట్ అనే ఎంతో స్థిరమైన ఖనిజంగా మార్చాయి. వాటిలో ఒకటి మెటారైజియం. మన కొబ్బరి తోటల్లో కొమ్ము పురుగు మీద ప్రయోగించే శిలీంధ్రం పేరే అది! ఇంత తెలిసిన జీవి ఇంత పని చేస్తుందంటే నాకు చాలా ఆశగా ఉంది.

అయినా దీన్ని తెలుగులో 'నేల శుద్ధి' అనేటప్పుడు జాగ్రత్త కావాలి. ఖనిజంగా మారినా సీసం నేలలోనే ఉంటుంది. మొక్కకూ నీటికీ అందడం తగ్గుతుంది. లోహాన్ని పీల్చుకున్న పుట్టగొడుగులనైతే కోసి, ప్రమాదకర వ్యర్థంగా భద్రపరచాలి. వాటిని వండుకోకూడదు, ఎరువులో కలపకూడదు.