అఖిల భారత బార్ పరీక్ష: పలాస, టెక్కలి, ఉద్దానం

లా పట్టా చేతికొచ్చి, రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదైనవారు ప్రాక్టీసు సర్టిఫికెట్ కోసం రాసే అర్హత పరీక్ష. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2011 మార్చి 6న తొలిసారి నిర్వహించింది. ఈ పరీక్ష పెట్టే అధికారం కౌన్సిల్‌కు ఉందని 2023 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

ప్రశ్నలు 100, సమయం మూడున్నర గంటలు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. జనరల్, ఓబీసీలకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం వస్తే చాలు. తెలుగులోనూ రాయవచ్చు. నోట్సు లేని బేర్ యాక్టులు వెంట తీసుకెళ్లనిస్తారు కాబట్టి సెక్షన్లు వల్లె వేయడం కన్నా, ఏ సెక్షన్ ఏ అధ్యాయంలో ఉందో వేళ్లకు అలవాటు కావడం ముఖ్యం. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. హత్యానేరానికి శిక్ష చెప్పే సెక్షన్ పాత భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ)లో 302, కొత్త సంహితలో 103(1).

రాజ్యాంగం, సివిల్, క్రిమినల్ ప్రొసీజర్లకు పదేసి మార్కులు. పర్యావరణ చట్టానికి రెండే, భూసేకరణకూ రెండే. పలాస, టెక్కలి, ఉద్దానం తీరంలో ఆ నాలుగు మార్కులను తేలిగ్గా వదిలేయడం తగదు. ఇక్కడి సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ కేంద్రాన్ని జనం ఎదిరించారు. 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగాయి. అదే రోజు పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. టెక్కలికి చేరువలోని కాకరాపల్లిలో మరో థర్మల్ కేంద్రంపై ఆందోళనలో 2011 ఫిబ్రవరి 28న మళ్లీ కాల్పులు జరిగాయి. పలాస, టెక్కలి, సోంపేట కోర్టుల్లో నిలబడబోయే యువ న్యాయవాది పర్యావరణ అనుమతి ప్రక్రియను సోంపేట కేసుతో చదివితే చట్టం బాగా పట్టుబడుతుంది.