తేట

చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీసి చెరువునీళ్ళు పోస్తే, కాసేపటికి బురద అడుగుకు దిగి పైన నీరు తేరుతుంది. ఈ క్రియ పాత తెలుగులో బండి ఱతో తేఱు. రథమనే తేరుతో దీనికి చుట్టరికం లేదు. తేట, తేర్చు, తేరుకొను అన్నీ దీని సంతానమే. మూర్ఛ నుంచి లేచినవాణ్ణి తేరుకున్నాడంటాం, లోపలి కలక దిగిందని. తమిళులు చిల్లగింజను తేఱ్ఱాన్ కొట్టై అంటారు: తేర్చే గింజ. ఎంత చక్కటి పేరు!

సూడాన్ ఆడవాళ్ళు నైలు వరదనీటిని మునగ గింజల పొడితో తేర్చుకునేవారు. అందులో పనిచేసేది ధనావేశం ఉన్న చిన్న ప్రోటీన్. మట్టి రేణువులకూ బాక్టీరియాకూ ఉండేది ఋణావేశం కనుక అవి దానికి అంటుకుని, గుంపుకట్టి, బరువెక్కి దిగిపోతాయి. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో దాన్ని ఈ.కోలై అనే బాక్టీరియా చేత తయారుచేయించారు. ఈ ప్రోటీన్ నీటిని తేర్చడమే కాదు, బాక్టీరియాను చంపుతుందని కూడా అందులో తేలింది. తనను చంపగలిగేదాన్ని బాక్టీరియా చేతే చేయించడం! అందుకే ఇలాంటివాటిని తరచు మరో పెద్ద ప్రోటీన్‌కు అతికించి చేయించి, ఆ తర్వాత కోసి విడదీస్తారు.

ఇలా ప్రోటీన్ తయారుచేసిన ఈ.కోలై కణాలను పగలగొట్టి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ట్యూబులో పైన తేట, అడుగున మడ్డి. మన భాషలో తేట మెప్పు, మడ్డి తిట్టు. ఇక్కడ ఆ తీర్పు చెల్లదు. డిఫెన్సిన్ల వంటి మొక్కల రక్షణ ప్రోటీన్లకు గంధకపు ముడులు సరిగ్గా పడాలి, ఈ.కోలై కణద్రవంలో అవి సాధారణంగా పడవు. మడత కుదరని ప్రోటీన్ ఉండలు కట్టి మడ్డిలో చేరుతుంది. అప్పుడు దాచుకోవలసింది మడ్డినే. దాన్ని యూరియాలో కరిగించి, ఆ యూరియాను మెల్లగా తగ్గిస్తూ ప్రోటీన్‌ను మళ్ళీ మడతపడనివ్వాలి.

పాఠ్యపుస్తకాలు ఈ పనంతటినీ శుద్ధి అంటాయి. ఆ మాట వెనక మైల ఉంది. శుద్ధికి వాడే నికెల్ కాలమ్‌లో హిస్టిడిన్ల తోక తగిలించిన ప్రోటీన్ నిలిచిపోతుంది, మిగతావి చాలావరకు కారిపోతాయి. ఇమిడజోల్ పోస్తే నిలిచినది దిగివస్తుంది. కారిపోయినవి మురికి కావు, ఆ బాక్టీరియా బతుక్కి కావలసిన ప్రోటీన్లే. తేర్చడంలో ఎవరికీ మైల అంటదు. ఏది ఎక్కడ చేరిందో చూసుకోవడమే ఉంటుంది. తెలుగులో ప్రయోగశాల పుస్తకం రాసేవారు సూపర్నేటెంట్‌కు కొత్త సంస్కృత సమాసం అల్లనక్కర్లేదు. తేట అని రాస్తే చాలు, పెల్లెట్‌కు మడ్డి అని.