కాగితం, అట్ట వాణిజ్యం: భారత్, చైనా లెక్కల్లో తేడా ఎక్కడ?

అంతర్జాతీయ వాణిజ్య గణాంకాల్లో కాగితం, అట్ట, వాటితో తయారైన సరుకులు 48వ అధ్యాయం కింద నమోదవుతాయి. గుజ్జు, వ్యర్థ కాగితం 47వ అధ్యాయంలోకి, అచ్చయిన పుస్తకాలు, పత్రికలు 49వ అధ్యాయంలోకి వస్తాయి. రెండు దేశాలను పోల్చేటప్పుడు 47, 48 అధ్యాయాలను విడివిడిగా చూడాలి. ముడిసరుకును దిగుమతి చేసుకునే దేశమే తయారైన కాగితాన్ని ఎగుమతి చేయవచ్చు. చైనా అందుకు ప్రధాన ఉదాహరణ.

2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరిన తరువాత చైనా కాగితపు పరిశ్రమ వేగంగా విస్తరించింది. ఆ దశాబ్దం ముగిసేసరికి ఉత్పత్తిలో అమెరికాను మించింది. ఈ విస్తరణకు అమెరికా, ఐరోపాల నుంచి వచ్చిన వ్యర్థ కాగితమే పెద్ద ఆధారం. అయితే 2018 నుంచి ఆంక్షలు బిగించిన చైనా, 2021 జనవరి 1 నుంచి ఘన వ్యర్థాల దిగుమతిని పూర్తిగా నిషేధించింది.

ఆ లోటు భారత మిల్లులకు అవకాశమైంది. వ్యర్థ కాగితంతో తయారయ్యే క్రాఫ్ట్ కాగితానికి చైనాలో గిరాకీ పెరిగింది. 2016-17లో సుమారు 6.6 లక్షల టన్నులుగా ఉన్న భారత కాగితం ఎగుమతులు 2021-22 నాటికి దాదాపు 28.5 లక్షల టన్నులకు చేరాయి. ఆ ఏడాది వాటి విలువ రూ.13,963 కోట్లు. అదే సమయంలో క్రాఫ్ట్ కాగితం కొరతతో ధరలు పెరిగాయని దేశంలోని అట్టపెట్టెల తయారీదారులు ఆందోళన వ్యక్తం చేశారు.

తరువాత దిగుమతులు ఊపందుకున్నాయి. 2022-23లో దాదాపు 14.3 లక్షల టన్నులుగా ఉన్న దిగుమతులు 2023-24లో 19.3 లక్షల టన్నులు దాటాయి. చైనాతో పాటు ఇండొనేసియా తదితర ఆసియాన్ దేశాల సరుకు ఇందులో ప్రధానం. 2010లో అమల్లోకి వచ్చిన ఒప్పందం ప్రకారం ఆసియాన్ దేశాల కాగితానికి సుంకం లేదు. ఆసియా-పసిఫిక్ వాణిజ్య ఒప్పందం కింద చైనాకు సుంకంలో పాక్షిక రాయితీ లభిస్తోంది.

కేంద్రం 2022 అక్టోబరు 1 నుంచి కాగితం దిగుమతులకు ముందస్తు నమోదును తప్పనిసరి చేసింది. 2025 ఆగస్టులో, కలప గుజ్జుతో చేసే బహుళ పొరల అట్టకు టన్నుకు రూ.67,220 చొప్పున కనీస దిగుమతి ధర నిర్ణయించింది.

ఈ అంకెల ప్రభావం తెలుగు రాష్ట్రాలపై నేరుగా ఉంటుంది. 1988 జాతీయ అటవీ విధానం ప్రకారం పరిశ్రమలు ముడిసరుకును వీలైనంత వరకు రైతుల నుంచే సమకూర్చుకోవాలి. ఆ క్రమంలో సుబాబుల్, జామాయిల్, సరుగుడు సాగు విస్తరించింది. రాజమహేంద్రవరం, సారపాక మిల్లుల కొనుగోళ్లపై ఈ రైతుల ఆదాయం ఆధారపడి ఉంది. విదేశీ సరుకు చౌకగా వస్తే మిల్లుపై పడే ఒత్తిడి కలప ధరలోనూ కనిపిస్తుంది. 2014లో మూతపడిన సిర్పూర్ కాగజ్‌నగర్ మిల్లు 2018లో జేకే పేపర్ చేతికి వచ్చాకే తిరిగి తెరుచుకుంది. ఒక మిల్లుపై పట్టణమంతా ఆధారపడితే ఏమవుతుందో ఆ నాలుగేళ్లు చూపాయి.

లెక్కలు చూసేవారు మరో రెండు అంశాలు గమనించాలి. భారత గణాంకాలు సాధారణంగా ఆర్థిక సంవత్సరానివి, చైనావి క్యాలెండర్ సంవత్సరానివి. దిగుమతి విలువలో రవాణా, బీమా ఖర్చులు కలుస్తాయి. ఎగుమతి విలువలో కలవవు. అందువల్ల ఒకే సరుకుకు రెండు దేశాలు చూపే విలువలు ఒకటి కాకపోవచ్చు. విలువతో పాటు టన్నులనూ చూస్తేనే పోలిక నిలుస్తుంది.