పుకారు నుంచి పగ దాకా: పాలమూరు పల్లెల్లో పిల్లలు, ఫోన్లు, కులం

2018 వేసవిలో గద్వాల, వనపర్తి పల్లెల్లో జనం ఆరుబయట పడుకోవడం మానేశారు. ఎండాకాలం వాకిట్లో మంచాలు వేసుకునే ఊళ్లు పొద్దుగూకగానే తలుపులు మూసుకోవడం ఊళ్లలో తిరిగే పోలీసుల కంట్లో పడింది. ఆరా తీస్తే కారణం వాట్సాప్. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని, మనుషుల్ని చంపి అవయవాలు తీస్తున్నాయని వాయిస్ మెసేజీలు, ఎక్కడివో తెలియని నెత్తుటి వీడియోలు. వాటిలో పదే పదే వినిపించిన పేరు ‘పార్థీ గ్యాంగ్’.

ఆ పేరు దగ్గర కాసేపు ఆగాలి. పార్ధీలు ఒక సంచార తెగ. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్త తెగల చట్టం పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన జాతుల్లో వాళ్లూ ఉన్నారు. చట్టం 1952లో రద్దయింది. అరవై ఆరేళ్ల తర్వాత అదే ముద్ర పాలమూరు ఫోన్లలో ఫార్వర్డ్ మెసేజీగా తిరిగింది. ఆ ఏడాది ఇలాంటి పుకార్లకు బలైనవాళ్లు ఎవరో చూడండి. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో కొట్టి చంపిన ఐదుగురూ భిక్షాటన చేసుకునే నాథ్ పంథీ దవరీ గోసావీ సంచార జాతివాళ్లు. మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో చనిపోయింది యాచనకు వచ్చిన ట్రాన్స్‌జెండర్ మహిళ. జూలై 13న బీదర్ జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చినందుకు చంపేసింది హైదరాబాద్ నుంచి వెళ్లిన ముస్లిం యువకుణ్ని. పుకారు ఎవరు పుట్టించారో తెలియకపోయినా, దెబ్బ ఎవరి మీద పడుతుందో ముందే చెప్పొచ్చు.

అప్పుడు గద్వాల, వనపర్తి జిల్లాల పోలీసు బాధ్యతలు చూస్తున్న ఎస్పీ రెమా రాజేశ్వరి చేసిన పని దేశం బయట కూడా వార్తయింది. సుమారు 400 ఊళ్లకు ఊరికొక పోలీసును కేటాయించారు. వాళ్లు ఇంటింటికీ తిరిగారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు, వచ్చిన వీడియో నిజమో కాదో అడిగితే చెప్పారు. దండోరా వేయించారు, డప్పు కొట్టించి పాటలు పాడించారు. ఇతర జిల్లాల్లో, పక్క రాష్ట్రాల్లో మనుషులు చనిపోతుండగా ఆ రెండు జిల్లాల్లో ఈ పుకార్లకు ఒక్క ప్రాణం పోలేదు.

పతాక శీర్షికల్లోకి ఎస్పీ పేరు ఎక్కింది, సరే. నాకు మాత్రం ఆ డప్పు గుర్తుండిపోయింది. వెట్టిగా మాదిగల చేత మోయించిన డప్పు, దండోరా. ఊరికి అసలు భయం పట్టుకున్నప్పుడు టీవీ మాటకన్నా, ఫోన్ మాటకన్నా ఆ గొంతునే ఊరు నమ్మింది. తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి చెప్పాడు కాబట్టే ఆ ప్రయోగం నిలిచింది. యాప్ వల్ల కాదు.

కోడేరు వనపర్తికి దగ్గరే అయినా, 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్‌ను విడదీసినప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. ఆ పోలీసు కార్యక్రమం పక్క జిల్లాది. మెసేజీకి ఆ గీత అడ్డం రాదు. పైగా ఇది వలసల నేల. అమ్మానాన్నలు ముంబై, పుణె, హైదరాబాద్ పనులకు పోతే పిల్లలు అవ్వ దగ్గరో, హాస్టల్లోనో ఉంటారు. అమ్మ గొంతు వినడానికి కొనిచ్చిన ఫోన్‌లోకే మిగతావన్నీ వస్తాయి.

పిల్లల దొంగల పుకారు వారం పది రోజులు ఉండి పోతుంది. పగ పోదు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను గర్భవతి అయిన భార్య కళ్ల ముందే నరికి చంపారు. ఆ వెంటనే, హత్య చేయించిన ఆమె తండ్రిని మెచ్చుకుంటూ ఫేస్‌బుక్‌లో పోస్టులు, పేజీలు వెలిశాయి. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. కత్తి పట్టినవాడికీ, కుట్రలో చేయి కలిపినవాళ్లకీ శిక్ష పడింది. ఇంటర్ చదివే వయసులో ఆ హత్యకు లైక్ కొట్టిన పిల్లల సంగతి ఏ కోర్టూ చూడదు.

వాళ్లు అక్కడికి ఒక్కరోజులో చేరరు. మొదట కులం పేరుతో బీజీఎం పెట్టిన రీల్. అది చూస్తే అలాంటివే ఇంకో పది. తర్వాత రిజర్వేషన్ మీద జోకు. ఆ తర్వాత జోకు తగ్గి కోపం పెరుగుతుంది. మన అమ్మాయిలు, మన భూములు, మన ఉద్యోగాలు అనే మాట వస్తుంది. ఎవరో కామెంట్లలో పలకరించి అడ్మిన్ ఉన్న ఇంకో గ్రూపులో చేరుస్తారు. అక్కడ ‘తమ్ముడూ’ అని పిలుస్తారు. పరీక్ష తప్పినవాడికి, పని దొరకనివాడికి, ఇంట్లో మాట్లాడే మనిషి లేనివాడికి ఆ పిలుపు చాలా పెద్దది. మతం పేరుతో లాగే గుంపుల దారీ ఇదే.

ఇది అవతలి వీధి పిల్లల జబ్బే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణకు దారి ఇచ్చింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 కులాలు మూడు గ్రూపులై 1, 9, 5 శాతం వాటాలు వచ్చాయి. దానిమీద వాదించుకునే హక్కు అందరికీ ఉంది. కానీ మాల, మాదిగ పిల్లలు రీల్స్‌లో ఒకరి ఇంటి ఆడవాళ్లను ఒకరు తిట్టుకోవడం వాదన కాదు. దీని గురించి మన సంఘాల వేదికల మీద ఎవరూ నోరు విప్పరు.

ఇక పేరు సంగతి. రాడికలైజేషన్ అనే మాట మన దగ్గర సాఫీగా నడవదు. పాతతరానికి రాడికల్ అంటే 1970ల రాడికల్ విద్యార్థి సంఘం గుర్తొస్తుంది, పోలీసుకు ఫైలు గుర్తొస్తుంది. అంబేడ్కర్ మనవరాలి భర్త ఆనంద్ తేల్‌తుంబ్డే 2020లో సరిగ్గా ఏప్రిల్ 14న భీమా కోరేగావ్ కేసులో అరెస్టయ్యారు. ప్రశ్నించే దళిత పిల్లాడికి ఈ ముద్ర ఎంత తేలిగ్గా అంటుతుందో అంతకన్నా చెప్పనక్కర్లేదు. అందుకే గీత స్పష్టంగా ఉండాలి. ప్రభుత్వం మీద, కులం మీద కోపం రాడికలైజేషన్ కాదు. ఫలానా పుట్టుక పుట్టిన మనిషిని కొట్టినా తప్పులేదని నమ్మించడమే మనం ఆపాల్సింది. గద్వాల నమూనాలో నేను ఒప్పుకోలేనిది కూడా ఇక్కడే ఉంది. ఊరి గ్రూపులో పోలీసు కూర్చుంటే వాడ పిల్లలు అక్కడ నోరు తెరవరు. ఆ పని యువజన సంఘం, హాస్టల్ వార్డెన్, టీచర్, మేనత్తో మేనమామో చేయాలి.

పిల్లాడు మారుతున్నాడని ఎలా తెలుస్తుంది? పాత స్నేహితుల్లో ఒక కులంవాళ్లనో, మతంవాళ్లనో ఉన్నట్టుండి వదిలేస్తాడు. ఎవరి మాటో అప్పజెప్పినట్టు మాట్లాడతాడు. హత్య వీడియో చూసి నవ్వుతాడు. అప్పుడు ఫోన్ లాక్కుంటే ఇంకో ఫోన్ దొరుకుతుంది, మనిషే దొరకడు. ఈ వీడియో నీకు ఎవరు పంపారు, వాళ్లకేం లాభం, ఇందులో కొట్టినవాణ్ని నువ్వెప్పుడైనా కలిశావా అని అడగాలి, జవాబు వినాలి. నార్వేలో నియో-నాజీ గుంపుల్లో పడ్డ పిల్లల కోసం 1997లో మొదలైన ఎగ్జిట్ కార్యక్రమం ముఖ్యంగా చేసిన పని వాళ్ల తల్లిదండ్రులను ఒకచోట కూర్చోబెట్టడం. పిల్లాడితో బంధం తెగకుండా ఎలా ఉండాలో వాళ్లు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. నిద్ర పట్టక, చచ్చిపోతానంటూ మాట్లాడే పిల్లలకు టెలి-మానస్ 14416 ఉంది.

విద్వేషం మన మీదకే వస్తే దారి వేరు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణతో వచ్చిన సెక్షన్ 3(1)(యు) ప్రకారం రాతతో, మాటతో, బొమ్మతో దళితుల మీద ద్వేషం రెచ్చగొట్టడం నేరం. ఆన్‌లైన్‌లో చేసిన అవమానం కూడా బహిరంగంగా చేసినట్టేనని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. నిందితుడూ ఎస్సీ అయితే ఈ చట్టం వర్తించదు. అప్పుడు భారతీయ న్యాయ సంహిత 196 చూడాలి. నిందితుడికి పద్దెనిమిదేళ్లు నిండకపోతే కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళుతుంది. స్క్రీన్‌షాట్‌తోపాటు లింకు, తేదీ, పంపిన నంబరు రాసిపెట్టుకోండి, అసలు మెసేజీ ఉన్న ఫోన్‌ను అలాగే ఉంచండి. కోర్టులో భారతీయ సాక్ష్య అధినియమం 63 కింద ధ్రువపత్రం అడుగుతారు. చూపించడానికైనా సరే దాన్ని ఇంకో గ్రూపులో పెట్టొద్దు. అత్యాచారాల హెల్ప్‌లైన్ 14566.

ప్రతి నెలాఖరున ఏదో ఒక ఊళ్లో రెవెన్యూ, పోలీసు అధికారులు పౌర హక్కుల దినం జరుపుతారు. అక్కడ రెండు గ్లాసుల పద్ధతి, గుడి ప్రవేశం గురించి అడుగుతారు. ఈసారి మీ మండలంలో జరిగినప్పుడు ఊరి గ్రూపుల్లో తిరుగుతున్న కులం తిట్లను ప్రింటు తీసి పట్టుకెళ్లండి, రిజిస్టర్‌లో రాయించండి. మూడు నెలలకోసారి కలెక్టర్ అధ్యక్షతన కూర్చోవాల్సిన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ముందుకు ఆ కాగితం వెళ్లిందో లేదో తర్వాతి నెల అడగండి.