రాత్రి నిద్ర పట్టిందా?

భద్రాచలం నుంచి పర్ణశాల 35 కిలోమీటర్లు. 2016 దాకా ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం. వనవాసంలో సీతారాములు కుటీరం వేసుకున్నది ఇక్కడేనని స్థానికుల నమ్మకం. ఆ దగ్గర్లోనే, అడవిని ఆనుకున్న ఒక పల్లెలో, ఓ రాత్రి ఉన్నాను. తెల్లారగానే, అప్పుడే బయటినుంచి వచ్చిన ఇంటి పెద్దాయన అడిగాడు: "రాత్రి నిద్ర పట్టిందా బాబూ?"

"బాగా పట్టిందండీ" అన్నాను, మర్యాదకి. చేతికున్న స్మార్ట్‌వాచ్ కూడా అదే అంది: 7 గంటల 10 నిమిషాలు. నిజానికి అడవివైపు నుంచి వచ్చే ప్రతి చప్పుడుకీ చెవులు రిక్కించి, కదలకుండా బిగుసుకుపోయి, సగం రాత్రి మేలుకునే ఉన్నాను.

ఇద్దరు సాక్షులమూ తప్పే చెప్పాం. 'నాకు నిద్ర పట్టింది' అంటాం కదా, ఆ వాక్యంలో కర్త నిద్ర, నేను కాను. పట్టుబడినవాడు ఏం సాక్ష్యం చెప్తాడు? నాకు అర్థమైనంతవరకు నిద్ర చరిత్రంటే పక్కన మేలుకుని ఉన్నవాళ్ళ చరిత్రే.

వాల్మీకి అయోధ్యాకాండలో, గంగ ఒడ్డున సీతారాములు నేలమీద పడుకుంటారు. నువ్వూ పడుకో, నేను కాపలా ఉంటానని గుహుడంటే లక్ష్మణుడు ఒప్పుకోడు. ఇద్దరూ తెల్లవార్లూ మేలుకునే ఉంటారు. మన ఆడవాళ్ళ పాటలు ఆ మెలకువకి లెక్క కూడా కట్టాయి. ఆయన మేలుకున్న 14 ఏళ్ళూ అయోధ్యలో ఊర్మిళ నిద్రపోయింది. తిరిగొచ్చిన మొగుణ్ణి పరాయివాడనుకుంది. 'లక్ష్మణదేవర నవ్వు'లోనైతే నిండు సభలో నిద్రాదేవి బాకీ వసూలుకి వచ్చినట్టు ఎదురుగా నిలబడుతుంది. ఆయన ఫక్కున నవ్వుతాడు. సభలో ప్రతివాళ్ళూ తమను చూసే నవ్వాడనుకుని గుమ్మడికాయల దొంగల్లా భుజాలు తడుముకుంటారు!

ప్రయోగశాలల కథా ఇలాగే మొదలైంది. 1951 చివర్లో చికాగోలో యూజీన్ అసెరిన్‌స్కీ అనే విద్యార్థి తన ఎనిమిదేళ్ళ కొడుకు కళ్ళ దగ్గర ఎలక్ట్రోడ్లు అతికించి, వాడు నిద్రపోతుంటే కాగితం మీద గీతలు చూస్తూ కూర్చున్నాడు. నిద్రలో కళ్ళు వేగంగా కదిలే దశ ఒకటుందని 1953లో తన గురువు క్లైట్‌మన్‌తో కలిసి ప్రకటించాడు. యంత్రం వచ్చినా మేలుకునే తండ్రి తప్పలేదు.

1989లో వచ్చిన పిట్స్‌బర్గ్ నిద్ర ప్రశ్నావళిలో పడుకున్న మనిషికి 19 ప్రశ్నలు, ఆ గదిలో ఉండేవాళ్ళకి 5. గురక పెట్టాడా, ఊపిరి ఆగిందా, ఇలాంటివి. స్కోరులో ఆ అయిదూ కలవవు. చూసినవాళ్ళ మాట పక్కనపెట్టి, చూడనివాడి మాటకి మార్కులేశారు. (కాస్త అన్యాయంగా అంటున్నానేమో. ఒంటరిగా పడుకునేవాళ్ళూ ఉంటారు.)

మణికట్టుకి కట్టే యాక్టిగ్రాఫ్ కదలికని బట్టి నిద్రని లెక్కేస్తుంది. కదలకుండా మేలుకుని ఉంటే నిద్ర కిందే రాసుకోగలదు. అలాగని పనికిరానిదేం కాదు. చెన్నైలో పేద కుటుంబాల పెద్దవాళ్ళకి దీన్ని కట్టి చూసిన పరిశోధన 2021లో అచ్చయింది. రాత్రికి 8 గంటలు పడక మీద ఉండి కూడా వాళ్ళు నిద్రపోతున్నది సగటున 5.5 గంటలే. మంచి పడక, సలహాలు ఇస్తే ఆ నిద్ర 27 నిమిషాలు పెరిగింది గానీ పనిలో, ఆలోచనలో తేడా కనబడలేదు. పనిచేసే చోట మధ్యాహ్నం తీసిన చిన్న కునుకే మేలు చేసింది.

నేను వెళ్ళినప్పుడు ఆ పల్లెలో మొక్కజొన్న కంకులు పాలు పోసుకుంటున్నాయి. ఒక్క రాత్రి అడవి పందులు దిగితే పంటంతా నేలపాలు. మంచె మీద కావలి ఉన్నవాడిది మాగన్ను నిద్ర. ఆకు గలగలమంటే లేచి డబ్బా కొట్టాలి, మళ్ళీ ఒరగాలి. ఆ చేతికి యంత్రం కడితే? చీకట్లోకి చెవులప్పగించి కదలకుండా కూర్చున్నంతసేపూ నిద్రపోయాడని రాస్తుంది. లేచి డబ్బా కొట్టినప్పుడల్లా నిద్ర చెడిందంటుంది. దాన్ని చెడిన నిద్ర అనాలా, చేసిన పని అనాలా? రాకుండా పోయిన పందికి ఏ ఫారంలోనూ గడి లేదు.

మధ్యాహ్నం చెప్పి బయల్దేరదామని వెళ్తే పెద్దాయన చెట్టుకింద నులకమంచం మీద గురకపెడుతున్నాడు. పిలవబోయాను. కోడలు చెయ్యి ఊపి ఆపింది.

"మామని లేపకండి. రాత్రంతా మంచె మీదే ఉన్నాడు."