వేలూరు, గుడియాత్తపు తెలుగిండ్ల వీడియో టేపులు – వానిలోని పలుకు

ఒక సీమలోని తెలుగువారి చరిత్ర వ్రాయబూనినవారు శాసనములను, కైఫీయతులను, దానపత్రములను వెదకుట పరిపాటి. రాయవేలూరి విషయమున ఆ సామగ్రికి కొఱత లేదు. చిన్నబొమ్మనాయకుని పేర చెప్పబడు కోట యున్నది. ఆరవీటి రాజులు దానిని రాజధానిగ జేసికొని యేలిన కాలపు జాడలున్నవి. కాని గడచిన నలువదియేండ్ల చరిత్రకు ముఖ్యమైన ఆధారమొకటి ఏ శాసనశాఖవారి చేతికిని చిక్కక, మన యిండ్ల బీరువాల అడుగున బూజుపట్టుచున్నది. పెండ్లిండ్లలోను, బారసాలలలోను తీయించి, నాలుగుసార్లు చూచి, పిమ్మట మఱచిపోయిన వీడియో టేపులే యా యాధారము. వానిని డి.వి.డి.గా మార్చుట యంత్రజ్ఞుల పనియని పండితులు ఉపేక్షింపరాదు. ఆ మార్పులో ఏది నిలుచును, ఏది పోవును అనునది చరిత్రకు సంబంధించిన ప్రశ్న.

ఏలయన, ఇచటి తెలుగు నోటిలో నున్నంతగా కాగితముపై లేదు. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు ఉత్తరార్కాటు నుండి చిత్తూరు, పలమనేరు మొదలగు తాలూకాలు విడివడి యందు చేరినవి. వేలూరు, గుడియాత్తము వెనుకనే యుండిపోయినవి. 1960 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన సరిహద్దు మార్పులును వీనిని తాకలేదు. కౌండిన్యానది మాత్రము పలమనేరు కొండలనుండి గుడియాత్తమునకు ఏ సరిహద్దును ఎఱుగక దిగి వచ్చుచున్నది! ఇచటి పిల్లలలో పెక్కురు తమిళమున చదువుకొని, తెలుగును ఇంటిలో మాత్రమే మాట్లాడుచు పెరిగిరి. 2006లో వచ్చిన తమిళ బోధనా చట్టము ఆ తీరును మఱింత బిగించినది. గ్రియర్సన్ పండితుని భాషాపరిశీలనము చెన్నపురి రాజధానిని వదలివేసినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వ్యవసాయ పదములతోను, 1971లో చేనేత పదములతోను వెలువడిన మాండలిక వృత్తిపదకోశములు ఆంధ్రప్రదేశపు ఎల్లలలోని పలుకుబడిని సేకరించినవి. లుంగీల నేతకు పేరొందిన గుడియాత్తము ఆ యెల్లలకు అవతలిది. కావున ఇచటి అవ్వలు అప్పగింతలవేళ పాడినది, తాతలు వియ్యంకులతో ముచ్చటించినది తెలిసికొనుటకు టేపులోని ధ్వనియే దిక్కు.

వి.హెచ్.ఎస్. పద్ధతిని జపాను దేశపు జె.వి.సి. సంస్థవారు 1976లో వెలువరించిరి. 1982లో మన దేశమునకు రంగుల టెలివిజను వచ్చిన పిమ్మట ఈ యంత్రములు పట్టణములలో వ్యాపించినవి. ముహూర్తము, తలంబ్రాలు, భోజనపంక్తి, వైకాశి నెల మొదటి దినమున గుడియాత్తమున జరుగు గంగమ్మ శిరస్సు ఉత్సవము – ఇవన్నియు టేపుల కెక్కదగిన ఘట్టములైనవి. అయితే ఆ కాలపు వేడుక యొకటి చెప్పవలెను. స్టూడియోలలో 'మిక్సింగ్' అను పేర మంగళవాద్యములను, మాటలను తొలగించి వానిపై సినిమాపాటలను పఱచుచుండిరి. వధువు తల్లి కన్నీటితో ఏమి చెప్పినదో వినబడదు, పాట వినబడును. తరువాతి కాలమున యంత్రములవలన కలుగు ధ్వనినష్ట మంతయు దీనిముందు స్వల్పము. అందుచేత ఇంటికిచ్చిన అందమైన ప్రతికంటె, కత్తిరింపునకు ముందున్న మూలపు టేపు దొరకినచో అదియే విలువైనది.

టేపులో ధ్వని యెట్లుండునో కొంచెము తెలిసికొనవలెను. మామూలు ఆడియో క్యాసెట్టు సెకనుకు 47.6 మిల్లీమీటర్లు పరుగిడగా, పాల్ పద్ధతి వి.హెచ్.ఎస్. టేపు 23.39 మిల్లీమీటర్లే నడచును. ధ్వని టేపు అంచున సన్నని గీతగా నుండును. అంచు నలిగినచో బొమ్మ బాగుగనే యున్నను మాట చెడును. 1980ల నడుమ హై-ఫై ధ్వని వచ్చినది గాని, సాధారణపు పెండ్లి కెమెరాలలో అది అరుదు. ఇట్లు మొదటనే బలహీనమైన ధ్వనిలో మనకు కావలసిన సూక్ష్మములున్నవి. 'చాప'లోని దంత్యమైన చకారమునకును, 'చెట్టు'లోని తాలవ్య చకారమునకును గల భేదము ప్రధానముగ పైస్థాయి ధ్వనులలో నుండును. తమిళ సాహచర్యమున ఆ భేదము ఎంతవఱకు నిలిచినదో తేల్చుటకు ఈ టేపులు సాక్ష్యము. నాసిరకపు సంకోచనము మొట్టమొదట కోసివేయునది ఆ పైస్థాయినే.

ఇక మార్చుట. టేపును ముందుగా ఒకసారి చివరివఱకు త్రిప్పి వదులుచేసి, యంత్రపు తలలను శుభ్రపఱచి, ఆ మీదట ఆడింపవలెను. బూజుపట్టిన టేపును శుభ్రముచేయక ఎక్కించినచో తలలును చెడును, తరువాతి టేపులును చెడును. బొమ్మను ఒక దారిని, ధ్వనిని మఱియొక దారిని కంప్యూటరులోనికి పంపినచో గంట గడచునప్పటికి పెదవులకు మాటలకు పొత్తు తప్పును. 1995లో వచ్చిన డి.వి. పద్ధతి కెమెరాలలో కొన్నిటి ద్వారా పాత టేపును పంపినచో రెండును కలిసియే సంఖ్యారూపము నొందును. అందు ధ్వని సంకోచము లేక 16 బిట్లు, 48,000 నమూనాల మేర నిలుచును. గంటకు సుమారు 1,300 కోట్ల బైట్ల చోటు పట్టును.

డి.వి.డి.కి అంత చోటు లేదు. ఒక పొర గల బిళ్ళలో 470 కోట్ల బైట్లు పట్టును. మూడుగంటల పెండ్లిని అందులో నెక్కించినచో సెకనుకు సుమారు 34.8 లక్షల బిట్లు మాత్రమే లభించును. సంకోచింపని ధ్వని ఒక్కటే అందులో 15.36 లక్షలు మ్రింగును, బొమ్మకు 19.5 లక్షలైన మిగులక అది గళ్ళుగళ్ళుగా విరుగును. అదే ధ్వనిని డాల్బీ ఏ.సి.-3 పద్ధతిని 1.92 లక్షలకు కుదించినచో, అనగా ఎనిమిదవ వంతు చేసినచో, బొమ్మకు 32.9 లక్షలు దక్కును. స్టూడియోవారు ధ్వనిని కుదించుటకు కారణమిదియే, అది తప్పనరాదు. గంటకొక బిళ్ళ చొప్పున చేయుటకు ఒప్పుకొన్నచో కుదింపవలసిన యగత్యమే లేదు. మూడు బిళ్ళల ఖర్చుకు వెనుదీయుట మాత్రము నాకు వింతగా తోచును.

ఈ కుదింపు చెవి స్వభావము నెఱిగి చేయునట్టిది. గట్టిధ్వని చెంతనున్న మెల్లని ధ్వని చెవికి సోకదు గనుక దానిని వదలివేయును. చూచి యానందించువారికి ఇందు నష్టము తెలియదు. కాని నాదస్వరము, డోలు మ్రోగుచుండగా దాపున ఒక ముసలమ్మ లాలిపాట పాడుచున్నదనుకొందము. ఆ వాద్యఘోషను తగ్గించి పాటను పైకి తెచ్చు పద్ధతులు నేడున్నవి. అవి పనిచేయవలెనన్న ఆ మెల్లని ధ్వని ప్రతిలో మిగిలియుండవలెను గదా! కావున బంధువులకు పంచుటకు ఏ.సి.-3 ధ్వనితో డి.వి.డి. చేయుడు, డి.వి. రూపమునో, కనీసము కుదింపని ధ్వనినో హార్డుడిస్కుపై వేఱుగా ఉంచుకొనుడు. ఇంటిలో వ్రాసిన డి.వి.డి.లోని రంగుపూతయు కాలక్రమమున క్షీణించునదే.

అమెరికానుండి వచ్చిన టేపులు ఎన్.టి.ఎస్.సి. పద్ధతివి. వానికి సెకనుకు 29.97 బొమ్మలు, మన పాల్ టేపులకు 25. వానిని బలవంతముగ పాల్‌గా మార్పక, ఆ పద్ధతిలోనే బిళ్ళకెక్కించుట మేలు.

వి.హెచ్.ఎస్. యంత్రములను కడపటివఱకు చేసిన ఫునాయి సంస్థ 2016లో ఆ పని మానినది. పనిచేయు యంత్రము నానాటికి అరుదగుచున్నది. కావున అన్నిటికంటె ముందు 1980ల నాటివి, నెమ్మదివేగమున తీసినవి, పాటలు కలుపని మూలపు టేపులు మార్పవలెను. పెట్టెలపై తమిళలిపిలో వ్రాసిన పేర్లను చూచునప్పుడు జాగ్రత్త వలయును. ఆ లిపిలో క, గ లకు ఒకే అక్షరము గనుక గంగమ్మయు, కంగమ్మయు ఒక్కతీరుననే కనబడుదురు. ఇంటి పెద్దలను కూర్చుండబెట్టి, ఆడుచున్న టేపులో ఏ గొంతు ఎవరిదో, వారు ఏ యూరివారో, ఆ శుభకార్యము ఏ సంవత్సరమున జరిగినదో అడిగి, తెలుగులో వ్రాసి బిళ్ళతో చేర్చి యుంచవలెను.